తడి ఆరని పూత

కుప్పం,
జూన్, ఆదివారం.

అర్షీ,

ఫోన్ ఎత్తి "ఊఁ" అనడం, వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టడం తప్ప నాకేమీ రాదని తిట్టావు. నిజమే. కానీ మదనపల్లె కాన్వెంటు హాస్టల్లో శనివారం సాయంత్రం సిస్టర్ మనందరి చేత ఇళ్ళకు ఉత్తరాలు రాయించేటప్పుడు, ఇంకో కాగితం కావాలని చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. అది కూడా గుర్తు పెట్టుకో.

అందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

"అసలు ఆ ల్యాబులో ఏం చేస్తావే?" అని అడిగావు. నీళ్ళ తొట్టి గోడ తడిమితే జారుతుంది కదా, పాచి. అలాంటి పాచే ఆసుపత్రి గొట్టాలకూ పడుతుంది. విడిగా తిరిగే సూక్ష్మజీవిని మందు చంపేస్తుంది. అవన్నీ ఒకచోట అంటుకొని, పైన జిగురు దుప్పటి కప్పుకొని కాపురం పెడితే మందు లోపలికి పోదు. కాబట్టి మొదటే అంటుకోకుండా గొట్టానికి పూత పూయాలి. మా ఉమాపతి సార్ ఆలోచన అదే. జెల్ లాంటి పదార్థంలో కంటికి కనిపించనంత సన్నటి వెండి పొడి కలిపి పూస్తాం. జెల్ అంటుకోనివ్వదు. దగ్గరికి వచ్చినవాటి పని వెండి చూసుకుంటుంది.

ఇదంతా కాగితం మీద. నా చేతిలో మాత్రం పూత నిలవదు. గొట్టం ముక్కను ముంచి తీస్తాను, మర్నాటికి పాము కుబుసంలా ఊడి వస్తుంది. సార్ తిట్టరు. "ఇంకోసారి చూడు, తేజస్వినీ" అంటారు. ఆ మెల్లని గొంతు కంటే తిట్టే నయం.

ఇక్కడ రుక్మిణమ్మ పెద్దమ్మ వాళ్ళింట్లోనే ఉంటున్నాను. నన్ను వంటింట్లోకి రానివ్వదు. "చదువుకునే పిల్లవి, పో" అంటుంది. సంతోషంగా పోతాను.

పుంగనూరులో మీ తాతయ్య, నానమ్మ, అదే మన దాదా, దాదీ, ఎలా ఉన్నారు? ఇత్తడి గిన్నెలకు తగరం పూసే ఆయన కళాయి అంగడి ముందు మనం కూర్చుని, గిన్నె లోపల వెండిలా తెల్లబడే ఆ ఒక్క క్షణం కోసం ఎదురుచూసేవాళ్ళం. నేను ఈ పూతల చదువుకు ఎలా వచ్చానో ఇప్పుడు అర్థమవుతోంది.

నీ
తేజు


మదనపల్లె,
జూన్ నెలాఖరు.

ఒసే పుస్తకాల పురుగూ,

నీ ఉత్తరం మార్కెట్ యార్డులో నా కంప్యూటర్ ముందుకే వచ్చింది. మా మండీ ఓనరు రెడ్డెప్ప కవరు అటూ ఇటూ తిప్పి, "ఈ కాలంలో ఉత్తరమా! ఎవురమ్మా ఆ పిల్లోడు?" అన్నాడు. "పిల్లోడు కాదప్పా, పిల్ల" అన్నాను. "అట్లే చెప్తారులే" అని టమోటా వేలంపాటకు పోయాడు. ఇప్పుడు హమాలీలు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు. పరువు తీశావు.

దాదా సంగతి అడిగావు. నెల కిందట ఆయనకు మూత్రం ఆగిపోయింది. మదనపల్లె ఆసుపత్రికి తీసుకొస్తే గొట్టం వేసి, సంచి తగిలించి పంపారు. ప్రోస్టేట్ గ్రంథి వాచిందట. ఆపరేషన్ చేస్తే గొట్టం తీసేస్తారు. ఆగస్టులో రమ్మన్నారు. కానీ ఆ వేళకు జ్వరం ఉండకూడదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండకూడదు.

దాదాకు నొప్పి కంటే సిగ్గు ఎక్కువ. అంగడి మూసేశాడు. "సంచి ఏసుకోని కొలిమి ముందర యాడ కూసోను? సూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంటాడు. కొలిమి పక్కన లేని దాదాని నేను పుట్టినప్పటినుంచీ చూడలేదు తేజూ. మంచం మీద ఆయన ఎవరో చుట్టం వచ్చినట్టు కనిపిస్తాడు.

నవ్వించడానికని నీ ఉత్తరం చదివి వినిపించాను. లేచి కూర్చున్నాడు!

"వెండి పూతా? మనది తగరం పూత. అయితే ఆ పిల్ల కూడా పూతోళ్ళల్లో చేరిపాయ" అన్నాడు. పూత ఊడిపోతోందని చదివితే నవ్వాడు. "తడి ఉండాది. తడి మీద పూత నిలస్తాదా? గిన్నె ఎముక మాదిరి ఎండల్ల. పూసినాక కూడా ఎండల్ల. రాయి, ఆ పిల్లకి రాయి."

మా దాదీ మైమూన్ బీ పక్కనుంచి, "ముందు బాగా తోమమని రాయి" అంది. దాదీకి లోకంలో ఏ కష్టానికైనా తోమడమే మందు అని నీకు తెలుసుగా.

రాశాను. ఇద్దరి మాటా నీకు అందినట్టే.

అర్షియా


కుప్పం,
జులై.

అర్షీ,

దాదాకు నా సలాం చెప్పు. పూత నిలిచింది!

గొట్టం ముక్కల్ని పూయకముందు బాగా ఆరబెట్టాను. పూశాక వెచ్చటి పెట్టెలో మళ్ళీ ఆరబెట్టాను. గాజులా మెరుస్తున్నాయి. గోటితో గీకినా రావడం లేదు. ఉమాపతి సార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి చూశారు.

"ఎలా చేశావు?"

"పుంగనూరులో ఒక పెద్దాయన చెప్పారండీ."

"ఏ యూనివర్సిటీలో చేస్తారు ఆయన?"

జవాబు మొత్తం మనసులో ఉంది. కళాయి, తగరం, దూది, అన్నీ. నోట్లోంచి "ఊఁ" మాత్రమే వచ్చింది. సార్ తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఇప్పుడు ల్యాబులో అందరూ దాదాని ప్రొఫెసర్ అనుకుంటున్నారు. ఎలా సరిదిద్దాలో తెలియడం లేదు.

ఇక అసలు పరీక్ష మిగిలింది. ముక్కల్ని సూక్ష్మజీవులున్న ద్రవంలో వదిలి, తర్వాత తీసి కడిగి, ఊదా రంగు వేస్తాం. పాచి ఉన్నచోట రంగు పట్టుకుంటుంది. ముక్క తెల్లగా మిగిలితే గెలిచినట్టు.

తెల్లగా మిగలాలని దువా చెయ్యమను దాదీని.

తేజు


మదనపల్లె,
ఆగస్టు.

తేజూ,

"ప్రొఫెసర్ నూరుల్లా" అని చదవగానే దాదీ నవ్వి నవ్వి దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది. దాదా మాత్రం నవ్వలేదు. మీసం సవరించుకున్నాడు. అదీ ఆయన సంతోషం.

అది జరిగి వారం. తర్వాత జ్వరం వచ్చింది. చలి, వణుకు. తమ్ముడు సోహైల్ ఆటోలో వేసుకొని మదనపల్లె తెచ్చాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు, మందులిచ్చారు. అది పూర్తిగా పోతేగాని కత్తి పెట్టం అన్నారు. ఆపరేషన్ సెప్టెంబరుకు వాయిదా పడింది. గొట్టం, సంచి, మంచం, అన్నీ మళ్ళీ మొదటికి.

నర్సమ్మను అడిగాను, ఇన్ఫెక్షన్ ఎందుకొస్తుందని. "గొట్టానికి పాచి పడతాదమ్మా" అంది. నీ మాటే!

అందుకే అడుగుతున్నాను. నీ పూత గొట్టం ఒకటి పంపు. కొరియర్ చేసినా సరే, బస్సులో వేసినా సరే, నేను అందుకుంటాను. నర్సమ్మ చేత మార్పిస్తాం. ఈసారి జ్వరం రాకపోతే ఆపరేషన్ అయిపోతుంది, ఆయన కొలిమి దగ్గరికి పోతాడు.

దాదాకి చెప్పేశాను. ఆయన వీధికంతా చెప్పేశాడు. "నేను చెప్పిన పూత, నాకే వస్తాంది" అని. పక్కింటి ముసలాయన కూడా తనకొకటి కావాలన్నాడు.

అర్షియా


కుప్పం,
ఆగస్టు.

అర్షీ,

జ్వరం తగ్గిందని అనుకుంటాను. మందులు మధ్యలో ఆపకుండా చూడు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. లైబ్రరీ కిటికీ పక్క కుర్చీ నాకు దొరికింది. ఒక లావు నవల చదువుతున్నాను. అందులో అందరూ చాలా మాట్లాడతారు. పెద్దమ్మ గుమ్మడికాయ పులుసు చేసింది.

ల్యాబులో పని జరుగుతోంది.

దాదీకి, దాదాకి సలాములు.

తేజు


మదనపల్లె,
సెప్టెంబరు.

తేజస్వినీ,

గుమ్మడికాయ పులుసు సంగతి తెలిసింది. నేనడిగినదాని సంగతి తెలియలేదు.

దాదాకి మళ్ళీ జ్వరం. ఆపరేషన్ మళ్ళీ వెనక్కి. "తేజు గొట్టం వచ్చినాదా?" అని రోజూ అడుగుతున్నాడు. సోహైల్ బస్టాండులో పార్సిళ్ళవాణ్ణి అడిగి అడిగి వస్తున్నాడు.

హాస్టల్లో నువ్వు మూల కూర్చుంటే నీ తరఫున నేనే మాట్లాడేదాన్ని. ఆకలేస్తోందని కూడా నేనే చెప్పేదాన్ని. ఇది నీ తరఫున నేను చెప్పలేను. పంపుతావా, పంపవా? ఒక్క మాట రాయి.

అర్షియా


కుప్పం,
సెప్టెంబరు.

అర్షీ,

పంపను.

ఆ ఒక్క మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. కాగితాలు చింపి చింపి పెద్దమ్మకు పొయ్యి రాజేసుకోవడానికి ఇచ్చాను.

మనిషి ఒంట్లో పెట్టే వస్తువుకు ముందు చాలా పరీక్షలు ఉంటాయి. ల్యాబులో, తర్వాత జంతువుల్లో, తర్వాత అనుమతులు. ఏళ్ళు పడుతుంది. నా పూత అమృతమైనా దాదాకి పెట్టే హక్కు నాకు లేదు. నువ్వు అడిగిన రోజే ఇది చెప్పాల్సింది. దాదా వీధికంతా చెప్పాడని చదివాక నా చేయి ఆగిపోయింది.

రెండో సంగతి. నా పూత అమృతం కాదు. పరీక్ష అయింది. మెరిసే ముక్కలన్నీ ఊదా రంగు పట్టుకున్నాయి. పూత లేని మామూలు గొట్టం కంటే ముదురు రంగు. నేను పాచి పట్టకుండా కాదు, పట్టడానికి పూత తయారుచేశాను. సార్ "ఇంకోసారి చూడు" అన్నారు.

కాదన్న మాట ఉత్తరంలో పెట్టి పంపి ఊరుకోవడం పిరికితనంగా ఉంది. ఈ ఆదివారం పుంగనూరు పోయి దాదాకి నేనే చెప్తాను. యార్డులో టమోటా సీజను, నీకు సెలవు దొరకదని తెలుసు. నువ్వు లేకుండానే వెళ్తాను. ఏం మాట్లాడాలో ముందే రాసుకున్నాను.

తేజు


పుంగనూరు,
ఆదివారం సాయంత్రం.

అర్షీ,

మీ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. సోహైల్ రేపు మదనపల్లె వస్తున్నాడు, ఇది నీ చేతికే ఇస్తాడు. ఎందుకు వస్తున్నాడో చివర్లో చెప్తాను.

పలమనేరులో బస్సు మారాను. దారి పొడుగునా రాసుకున్నది వల్లె వేశాను. గుమ్మంలో దాదా కనిపించగానే మొత్తం మరిచిపోయాను.

వేపచెట్టు కింద మంచం. ఆయన లుంగీ పక్కన పచ్చ గుడ్డతో కుట్టిన జోలె, దానికి అద్దాల పని. సంచి ఎవరికీ కనిపించకుండా దాదీ కుట్టిందట. నన్ను చూసి ఆయన ముందు ఆ జోలెను చాటు చేసుకున్నాడు, తర్వాత నా చేతులకేసి చూశాడు.

"యాడమ్మా నా గొట్టం?"

"తేలేదు దాదా" అన్నాను. "అది ఇంకా మనిషికి పెట్టేది కాదు. పూత కూడా చెడిపోయింది. తప్పు నాది. ముందే చెప్పాల్సింది."

నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు వినపడింది. నవ్వాడు.

"నా మొదటి గిన్నెలో మా అబ్బా నీళ్ళు కూడా తాగలా. కోళ్ళకి పెట్టినాడు. కోళ్ళూ తాగలా. కూసో."

అంతే అర్షీ. ఇన్నాళ్ళు నేను భయపడింది దీనికి.

టీ తాగుతుండగా దాదీ వేడినీళ్ళ బకెట్టు, సబ్బు, కొబ్బరిపీచు తెచ్చింది. "జర జరుగు బేటీ, కడిగే వేళయింది" అంది. కాళ్ళు కడుగుతుందేమో అనుకున్నాను. ఆమె జోలెలోంచి సంచి తీసింది. సంచికీ గొట్టానికీ మధ్య అతుకు ఉంటుంది కదా, దాన్ని చిటుక్కున ఊడదీసింది. గొట్టం కొసను గుడ్డతో తుడిచి, పైట చెంగంత శుభ్రమైన పాత గుడ్డ చుట్టింది. సంచిలో సబ్బునీళ్ళు పోసి ఆడించి, బయట పీచుతో రుద్ది, నీళ్ళతో జాడించి, దండెం మీద చొక్కా పక్కన ఆరేసింది. ఎండలో అది మెరిసిపోతోంది.

"రోజూనా దాదీ?"

"రోజూ. రెండు పూటలా. నా ఇంట్లో మురికి సంచి యాల ఉంటాది?" అంది గర్వంగా.

నేను రాసుకున్న కాగితంలో ఇది లేదు. కానీ చదువులో ఉంది. నేను చదివే ప్రతి పుస్తకమూ చెప్పేది ఒకటే: ఆ అతుకు తెరవకూడదు. తెరిచిన ప్రతిసారీ సూక్ష్మజీవులు నడిచి లోపలికి పోవడానికి దారి. లోపలికి పోయి పాచి కడతాయి. దాదీ ఆ దారిని రోజూ తెరిచి, ఊడ్చి, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా ఉంచుతోంది.

చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, చాలా పెద్దగా చెప్పినట్టున్నాను. సోహైల్ లోపలినుంచి పరిగెత్తుకొచ్చాడు.

దాదీ చేతులు నడుం మీద పెట్టుకుంది. "నలభై ఇళ్ళ ఇత్తడి కడిగిన చేయి ఇది. కడిగితే జబ్బొస్తాదా? ఏ బుక్కులో ఉండాది?"

నేను వాదించలేనని నీకు తెలుసు. ఆసుపత్రి నంబరు మీ గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. నా ఫోన్ తీసి, నేనే నొక్కాను. మళ్ళీ చదువుకో: నేనే. ఫోన్ చేశాను.

ఎత్తింది నువ్వు రాసిన నర్సమ్మే, పేరు రోజా. స్పీకరు పెట్టాను. ఒక్క ఊపిరిలో విషయం చెప్పాను.

"ఊడదీసినారా?" ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "అతుకు ఊడదీయొద్దని సెప్పి పంపిస్తిమి కదమ్మా! కింద కొళాయి తిప్పి పారబోసేది, అంతే మీ పని. ఇంటి తలుపు తెరిసిపెట్టి దొంగల్ని రమ్మన్నట్టుండాది! ఎవురు ఊడదీసింది?"

దాదీ దండెం మీది దుప్పటి వెనక్కి పోయింది. వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. దాదా మంచం మీద దిండులో మొహం పెట్టి నవ్వుతున్నాడు.

"ఎవరో... శుభ్రం కోసం" అన్నాను.

"రేపే తీసుకురాండి. గొట్టం, సంచి రెండూ కొత్తవి ఏస్తాం. ఇంక ముట్టొద్దు" అని పెట్టేసింది. అందుకే సోహైల్, దాదా రేపు నీ దగ్గరికి వస్తున్నారు.

ఫోన్ పెట్టాక దాదీ దుప్పటి వెనకనుంచి రాలేదు. వెళ్ళి చూస్తే ఏడుస్తోంది. "ఇంత సేసి, నేనే ఆయనకి జరం తెప్పిస్తినా?" అంది. ఇంతకంటే కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"కడగడం తప్పు కాదు దాదీ. తెరవడమే తప్పు. ఆయన్ని ముట్టే ముందు చేతులు కడగాలి. గొట్టం ఒంట్లోకి పోయేచోట పైన సబ్బు నీళ్ళతో కడగాలి. సంచి నేలకు తగలకూడదు. ఇది మీకంటే బాగా ఎవరు చేస్తారు?"

కళ్ళు తుడుచుకుంది. లేచి వాకిట్లో బకెట్టు, సబ్బు పెట్టింది. మొదట నా చేతులు కడిగించింది. తర్వాత సోహైల్‌వి. ఇప్పుడు చీటీ డబ్బులకు ఎవరో వచ్చారు, వాళ్ళవి కడిగిస్తోంది.

తేజు


మదనపల్లె,
అక్టోబరు.

ఫోన్ చేసినదానా,

నువ్వు! ఫోన్! నర్సు రోజాతో! నాకు సోహైల్ చెప్పినా నమ్మకం కలగక, ఆసుపత్రికి పోయి ఆమెనే అడిగాను. "ఆ పిల్ల చాలా గట్టి పిల్లమ్మా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది" అంది. మన హాస్టల్ పిల్లలందరికీ మెసేజీ పెట్టాను. సిస్టర్‌కి కూడా.

సెప్టెంబరులో రాసిన మాటలకు నన్ను క్షమించు. నువ్వు "పంపను" అన్నప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడాలోచిస్తే ఆ గొట్టం పంపినా దాదీ దాన్నీ విప్పి తోమేది. వెండి పూత అయితే ఇంకా గట్టిగా తోమేది.

కొత్త గొట్టం వేశాక జ్వరం రాలేదు. మందులు పూర్తయ్యాయి. పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదన్నారు. ఈ నెలాఖరుకు ఆపరేషన్. దాదీ చేతులు కడిగించే కార్యక్రమం మాత్రం వీధికెక్కింది. పాలవాడు మా ఇంటికి రావడం మానేసి గేటు బయటే గిన్నె పెట్టి పోతున్నాడు. మొన్న నేను పోతే బస్సు దిగిన చేతులని మోచేతుల దాకా రుద్దించింది.

దాదా రోజూ ఒకటే అడుగుతున్నాడు: "ఆ పిల్ల పూత ఏమాయ? బాగా ఎండబెడతాందా?" చెప్పు, ఏమని చెప్పను?

అర్షియా


కుప్పం,
నవంబరు.

అర్షీ,

ఆపరేషన్ బాగా జరిగిందని నీ మెసేజీ చూసి ల్యాబులో నిలబడి నవ్వాను. బొటనవేలు బొమ్మ కాకుండా పువ్వు బొమ్మ పంపాను, గమనించావా?

ఇక పూత సంగతి. ఇది నీకు మాత్రమే.

మూడు వారాల కిందట రామకుప్పం నుంచి పెద్దమ్మ వాళ్ళ మనుషులు వచ్చారు. రాగి చేలో ఏనుగులు పడ్డాయని రాత్రంతా టపాకాయలు కాల్చి, నిద్రలేక వచ్చారు. పెద్ద డేకిసా నిండా సంగటి కెలికింది పెద్దమ్మ. ఒక్కతే ముద్దలు చేయలేక మొదటిసారి నన్ను వంటింట్లోకి పిలిచింది. పుట్టినప్పటినుంచి సంగటి తింటున్నాను, ముద్ద మాత్రం ఏనాడూ చేయలేదు. చెయ్యి పెట్టాను. వేళ్ళకు, మణికట్టుకు, గాజులకు, అంతటా అంటుకుంది. విదిలిస్తే గోడకు అంటుకుంది. ఏనుగుల్ని తరిమి వచ్చినవాళ్ళు అలసట మరిచి నవ్వారు.

"చెయ్యి తడుపుకోవే మొద్దూ!" అంది పెద్దమ్మ. "తడి చేతికి సంగటి అంటుకుంటాదా? ఇదా నువ్వు చదివింది?"

చెంబులో చెయ్యి ముంచాను. ముద్ద గుండ్రంగా తిరిగింది. అంటుకోలేదు. ఇంకోటి చేశాను. ఇంకోటి. పెద్దమ్మ "చాలు, అందరూ తినేసినారు" అనేదాకా చేస్తూనే ఉన్నాను.

ఎందుకో నీకు అర్థమై ఉంటుంది. మా జెల్ పని కూడా ఇదే. అది నీటిని పట్టుకొని ఉంటుంది. ఆ నీటి పొర మీద పాచికి పట్టు దొరకదు. నేను దాన్ని గాజులా మెరిసేదాకా ఎండబెట్టాను. మర్నాడు మైక్రోస్కోపు కింద చూస్తే ఎండిన ముక్క నిండా పగుళ్ళు, ఎండాకాలం చెరువు అడుగులా. పాచి ఆ పగుళ్ళలో ఇళ్ళు కట్టుకుంది.

పూయకముందు గొట్టం ఎండాలి. అది దాదా మాట, అది నిజం. అందుకే పూత ఊడడం ఆగింది. పూశాక మాత్రం ఎండకూడదు. ఇప్పుడు గట్టిపడగానే నీళ్ళలో వేసి, నీళ్ళలోనే ఉంచుతున్నాను. మళ్ళీ మళ్ళీ చేసి చూశాను. ఊదా రంగు దాదాపు పట్టడం లేదు. సార్ కళ్ళద్దాలు ఎత్తి, "నీళ్ళు పట్టే పదార్థాన్ని ఎండబెట్టామా మనం! నేనూ మెరుపు చూసి మురిసిపోయానే" అని తన నుదురు తానే కొట్టుకున్నారు.

ఇంకా ఏళ్ళ పని ఉంది. కానీ ఈసారి "ఇంకోసారి చూడు" అనలేదు. "ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నారు.

దాదా ప్రొఫెసర్ కాదని కూడా సార్‌కి చెప్పేశాను. నోటితోనే. "కళాయి వేస్తారా! మా అమ్మ గుండు చెంబు ఒకటి ఉంది" అన్నారు.

దీంతో చిన్న సీసా పంపుతున్నాను. పూత పూసిన కొత్త ముక్క, సూక్ష్మజీవులు తగలనిది. దాదాకి గుర్తుగా ఇవ్వు. నీళ్ళు ఆరిపోకుండా చూడమను. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పు. ఎండబెట్టమన్న మాటే సగం తప్పని ఆయనకు చెప్పకు. కొలిమి దగ్గరికి ఇప్పుడిప్పుడే పోతున్న మనిషి.

తేజు


పుంగనూరు,
డిసెంబరు.

తేజూ,

యార్డుకు సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నీ ఉత్తరాలు దాదాకి పైకి చదవడం అలవాటైపోయింది. అంగడిలో ఆయన పక్కన కూర్చుని, జనం వింటుండగా, చదువుకుంటూ పోయాను. "ఎండబెట్టమన్న మాటే సగం తప్పని ఆయనకు చెప్పకు" అని కూడా చదివేశాను. చదివాక ఆగాను. ఏం లాభం?

దాదా చేతిలో తిత్తి ఆగిపోయింది. కొలిమిలో నిప్పు మసకబారింది. తర్వాత మీసం సవరించుకున్నాడు.

"గిన్నెకి చెప్పాల్సిన మాట గొట్టానికి చెప్తిని" అన్నాడు. బొగ్గులు సర్ది, "సగం నిజమే కదా? సగానికి మార్కులేమైనా ఇస్తారేమో అడుగు" అన్నాడు. తిత్తి మళ్ళీ మొదలైంది.

అవును, అంగడి తెరిచాడు. బరువులు ఎత్తొద్దన్నారు, చిన్న గిన్నెలే తీసుకుంటున్నాడు. సంచి లేదు, గొట్టం లేదు. పచ్చ జోలెను దాదీ ఉతికి, తగరం తుడిచే దూది వేసుకోవడానికి ఇచ్చింది. మీ ఉమాపతి సార్ మదనపల్లె పోతూ నిజంగానే గుండు చెంబుతో దిగారు. ఇద్దరూ పూతల గురించి బస్సు పోయేదాకా మాట్లాడుకున్నారు. సార్ చేతులు కూడా దాదీ కడిగించింది.

ఇక నీ సీసా. దాదాకి సీసా నచ్చలేదు. తన చేత్తో కళాయి వేసిన ఇత్తడి గ్లాసులో నీళ్ళు పోసి, ముక్కను అందులో వేసి, అంగడి ముందు అరలో పెట్టాడు. రోజూ పొద్దున కొలిమి రాజేసే ముందు గ్లాసులోకి తొంగి చూస్తాడు. నీళ్ళు తగ్గితే పోస్తాడు. ఆయన, తడి అంటే మండిపడే మనిషి! దాదీ ఆ గ్లాసును బయటివైపు తళతళ తోముతుంది. లోపలికి చెయ్యి పోబోతే తనే వెనక్కి లాక్కొని, నాకేసి చూసి, "నేను తెరవలా" అంటుంది.

నిన్న సోమల నుంచి ఒకాయన బిందె తెచ్చాడు. గ్లాసులోకి చూసి, "ఏందప్పా ఈ రబ్బరు ముక్క? పారేయకుండా నీళ్ళల్లో పెట్టినావే" అన్నాడు.

దాదా బిందెను ముందు బోర్లించి, తడి ఉందేమో లోపల చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత గ్లాసు ఎత్తి ఆయన ముందు పెట్టాడు.

"ఇదీ పూతే. నాది ఎండల్ల. దీంది ఎండరాదు" అన్నాడు. "రెండూ మా ఇంటోళ్ళు సేసిందే."

అర్షియా